పేరున్న కంపెనీ కారుకి లక్ష ఎక్కువ పెట్టడం సబబేనా?

బ్రాడీపేట_గుంటూరు
2025 సెప్టెంబర్ 22 నుంచి 1200 సీసీ, నాలుగు మీటర్ల లోపు పెట్రోల్ కార్లకి జీఎస్టీ 18 శాతానికి దిగింది కదా, అప్పట్నుంచి మా ఇంట్లో కూడా కారు మాట నడుస్తోంది. చివరికి రెండు తేలాయి. ఒకటి అందరూ మంచి సర్వీస్ అని చెప్పే కంపెనీది, గుంటూరులోనే వర్క్‌షాప్ ఉంది. రెండోదాంట్లో సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్ అన్నీ ఇచ్చి ఆన్‌రోడ్ దాదాపు లక్ష తక్కువ చెబుతున్నారు. కానీ సర్వీస్‌కి విజయవాడ వెళ్లాలి. "పేరున్నదే తీసుకో, రేపు అమ్మేటప్పుడు తెలుస్తుంది" అంటారు నాన్నగారు. నాకేమో ఆ లక్ష లోగోకే పోతున్నట్టుంది. వాడేవాళ్లు చెప్పండి, ఆ డబ్బుకి నిజంగా వచ్చేదేంటి?

పటమట_వాసి
లోగోకే పోతోంది. బలెనో, గ్లాంజా సంగతే చూడండి. 2019 జూన్‌లో టయోటా తెచ్చిన గ్లాంజా అంటే మారుతి బలెనోనే. ఇంజన్ అదే, తయారయ్యేది గుజరాత్‌లోని సుజుకి ప్లాంట్‌లోనే. అయినా "టయోటా కదండీ, ఇంజన్‌కి తిరుగుండదు" అని కొన్నవాళ్లు మా అపార్ట్‌మెంట్‌లో ఉన్నారు. పేరు చూసి ధర కట్టడమంటే ఇదే. ఆ లక్ష మీ దగ్గరే ఉంచుకోండి, ఏడాదికోసారి విజయవాడ రావడం పెద్ద కష్టం కాదు.

ఆటోనగర్_స్పేర్స్
పటమట అన్నయ్యా, మీ ఉదాహరణే మీ మాటకి అడ్డం వస్తోంది. బండి ఒకటే, వారంటీ వేరు. అప్పట్లో మారుతి 2 ఏళ్లు లేదా 40,000 కిలోమీటర్లు ఇచ్చేది, గ్లాంజాకి 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లు. 2024 జులైలో గానీ మారుతి దాన్ని 3 ఏళ్లు, లక్షకి పెంచలేదు. గ్లాంజా కొన్నవాళ్లలో కొందరైనా ఆ కాగితం చూసే కొన్నారు.

నేను ఇక్కడ స్పేర్ పార్ట్స్ కొట్లో పనిచేస్తాను, పాత బళ్ల బేరాలు రోజూ చెవిన పడుతుంటాయి. షెవర్లే 2017 చివరికల్లా మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబర్‌లో ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు చెప్పింది. ఫోర్డ్ సర్వీస్, స్పేర్లు ఆ తర్వాత కూడా దొరికాయి. ఇంజన్ ఎంత గట్టిదో నడిపినవాళ్లకి తెలుసు. అయినా ఆ వార్త వచ్చిన మర్నాటి నుంచే బ్రోకర్ అడిగే రేటు పడిపోయింది. బండిలో ఏ లోపమూ రాలేదు, కొనేవాడికి భయం పట్టుకుంది, అంతే. రీసేల్ అంటే ఎక్కువ భాగం ఆ భయమే. మీ నాన్నగారి మాట తీసిపారేయకండి.

సింగ్‌నగర్_2024
రీసేల్ సరేనండీ, "పేరున్న సర్వీస్" అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు మా వీధిలో కార్లు సీట్ల దాకా మునిగాయి. మాది చాలా పేరున్న కంపెనీ బండి. మొదటి రోజుల్లో ఎవరినీ తప్పుపట్టను, వర్క్‌షాప్ లోపల చోటు చాలక బళ్లని రోడ్డు మీద కూడా వరుసగా పెట్టారు. కానీ ఆ తర్వాత నెలలు గడిచినా మా బండి రిపేర్ జాబ్ కార్డ్ కదల్లేదు. వర్క్‌షాప్ అడ్వైజర్‌ని అడిగితే ఇన్సూరెన్స్ సర్వేయర్ రాలేదంటాడు, సర్వేయర్‌ని అడిగితే ఎస్టిమేట్ ఇవ్వలేదంటాడు. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. అదే కంపెనీకి ఊళ్లో ఉన్న ఇంకో డీలర్ దగ్గర ఇచ్చిన మా బావమరిది బండి మాకన్నా చాలా ముందే బయటికి వచ్చేసింది. కంపెనీ ఒకటే, మోడల్ ఒకటే. డీలర్ కంపెనీ ఉద్యోగి కాదు, ఆ బోర్డు పెట్టుకున్న వేరే వ్యాపారి. టీవీ ప్రకటనలో చూసే పేరు కంపెనీది, మన బండి పడేది మాత్రం ఆ వ్యాపారి చేతుల్లో.

అందుకని బ్రదర్, షోరూంలో కాఫీ తాగి తేల్చుకోవద్దు. వెనక వర్క్‌షాప్‌కి వెళ్లండి. బండి తీసుకుపోవడానికి వచ్చినవాళ్లతో మాట్లాడి, వాళ్ల బిల్లు చూపించమనండి. ఆయిల్, ఫిల్టర్ తర్వాత ఇంజన్ ఫ్లషింగ్, ఏసీ క్లీనింగ్, కోటింగ్ అని అడగని లైన్లు ఎన్ని ఉన్నాయో చూడండి. ఏ కారు కొన్నా ఇన్సూరెన్స్‌లో ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్‌ఆన్ మర్చిపోవద్దు. మునిగిన బండిని స్టార్ట్ చేస్తే నీళ్లు సిలిండర్లలోకి వెళ్లి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, ఆ నష్టం మామూలు ఫుల్ ఇన్సూరెన్స్‌లో సాధారణంగా రాదు.

తెనాలి_డ్రైవర్
పేరు అంటే సర్వీస్ పేరు ఒక్కటేనా? ఒకప్పుడు టాటా అంటే ట్యాక్సీ బండి అనేవాళ్లు. 2018 డిసెంబర్‌లో కార్లని గుద్ది భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో టాటా నెక్సాన్‌కి 5 స్టార్లు వచ్చాయి, మన దేశంలో తయారైన కారుకి అది మొదటిసారి. అప్పట్నుంచి సర్వీస్ గురించి గొణుక్కుంటూనే భద్రత కోసం అటు వెళ్లినవాళ్లు నాకు చాలామంది తెలుసు. రాత్రిపూట హైవే మీద పిల్లలతో తిరిగేవాడికి లక్ష పెట్టాల్సింది దానికి.

పటమట_వాసి
అసలు ఆ లక్ష ఎందుకు పుడుతోందో కూడా చూడాలి. 2014 ఆగస్టులో సీసీఐ, అంటే కంపెనీల మధ్య పోటీ సరిగ్గా ఉందా చూసే కాంపిటీషన్ కమిషన్, 14 కార్ల కంపెనీలకి రూ. 2,544 కోట్ల జరిమానా వేసింది. స్పేర్లు బయట అమ్మనివ్వడం లేదు, రిపేర్‌కి కావాల్సిన స్కానింగ్ టూల్స్, మాన్యువల్స్ బయటి మెకానిక్‌కి ఇవ్వడం లేదు, బయట చేయిస్తే వారంటీ పోతుందని బెదిరిస్తున్నారు, ఇవీ అందులో తేల్చిన విషయాలు. కంపెనీలు అప్పీల్‌కి వెళ్లాయి, అది వేరే కథ. జవహర్ ఆటోనగర్‌లో ఇంతమంది పనిమంతులున్నారు, వాళ్ల చేతికి ఆ టూల్స్ వస్తే కంపెనీ సర్వీస్ పేరుకి ఇంత రేటు పలుకుతుందా? మనకి వేరే దారి లేకుండా చేసి, దానికే మన దగ్గర డబ్బు తీసుకుంటున్నారు.

ఆటోనగర్_స్పేర్స్
ఆ మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటా. కానీ ఆ కుర్రాడు కారు కొనేది ఇప్పుడు. కొత్త బండికి వారంటీ ఉన్నన్నాళ్లూ కంపెనీ గడప తొక్కాల్సిందే, ఆ తర్వాత మా దగ్గరికి రావచ్చు. కాబట్టి గుంటూరులో వర్క్‌షాప్ ఉండటం లెక్కలోకి వస్తుంది.

బ్రాడీపేట_గుంటూరు
అందరికీ థ్యాంక్స్ అండీ. శనివారం రెండు వర్క్‌షాప్‌లకీ వెళ్లి మొదటి మూడేళ్ల సర్వీస్ ఖర్చు రాతపూర్వకంగా అడుగుతాను. రెండో కారు డీలర్ ఐదేళ్ల ఎక్స్‌టెండెడ్ వారంటీ కలిపిస్తానంటున్నాడు. అదొస్తే తేడా సరిపోయినట్టేనా?

సింగ్‌నగర్_2024
ఆ కాగితం కంపెనీ ఇచ్చేదా, మధ్యలో ఇంకెవరైనా అమ్ముతున్నదా చూడండి. కంపెనీది అయితే ఊరు మారినా ఏ అధీకృత వర్క్‌షాప్‌లోనైనా చెల్లుతుందో లేదో అందులోనే రాసి ఉండాలి. డీలర్ నోటిమాటగా చెబితే వద్దు, బుకింగ్ రసీదు మీదే రాయించుకోండి. తర్వాత తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేయొచ్చు. దాంతో తేలకపోతే గుంటూరులోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, అక్కడ రసీదు మీద ఉన్న ఆ రాతే మీకు ఆధారం.