జాతరకు చుట్టాలొస్తున్నరు, ఇంట్ల అందరం మగోళ్లమే: బాత్రూంల ఏమేం పెట్టాలె?

హన్మకొండ_చౌరస్తా:
మేడారం పోయే చుట్టాలు ఒక రాత్రి మా ఇంట్ల ఆగుతున్నరు. ఆరుగురు ఆడవాళ్లు: మేనత్త, ఇద్దరు వదినెలు, కాలేజీ చదివే అమ్మాయిలు ఇద్దరు, పన్నెండేండ్ల పాప. ఇంట్ల ఉండేది బాపు, నేను, తమ్ముడు. బాత్రూం ఒక్కటే, ఇండియన్ టాయిలెట్. వాళ్లల్ల ఎవరికన్న డేట్ ఉంటే ఇబ్బంది పడొద్దు, మమ్మల్ని ఏదీ అడగాల్సిన పని పడొద్దు. ప్యాడ్లు ఏ సైజు, ఎన్ని కొనాలె? చెత్తబుట్ట ఎసొంటిది? తెల్లారి వ్యాన్‌ల పోతం, దారికి ఏం పెట్టుకోవాలె? "ఏమన్న కావాల్నా" అని అడగొచ్చా?

భద్రకాళి_కట్ట:
ప్యాడ్ల కంటే ముందు తలుపు గడియ చూడు తమ్ముడూ. మగోళ్లే ఉండే ఇండ్లల్ల గడియ సగం పడి సగం పడదు, ఎవ్వరూ పట్టించుకోరు. తలుపు నీళ్లకు ఉబ్బితే గడియ రంధ్రానికి అందదు. చౌకట్టుకున్న పట్టీ స్క్రూలు వదులు చేసి కొంచెం కిందికి జరిపి బిగిస్తే పడుతది. తలుపు వెనక రెండు కొక్కాలు కొట్టు, ఒకటి బట్టలకు, ఒకటి సంచికి. తడి నేల మీద సంచి పెట్టలేక నోట్ల కరుచుకునే బాధ మీకు తెల్వదు.

బుట్ట మూత ఉన్నది, కాలితో తొక్కితే తెరుచుకునేది, ఐదు లీటర్లది చాలు. కూసున్న కాడికెల్లి చెయ్యి అందాలె, తలుపు మూలకు పెడితే పనికిరాదు. లోపల నల్ల కవర్ తొడిగి రెండు కాగితాలు ఉండలు చుట్టి వెయ్యి. తళతళలాడే ఖాళీ బుట్టల మొదటి ప్యాడ్ వెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాదు. ప్యాడ్ల ప్యాకెట్ కూడ గంతే: సీలుతోటి పెడితే చింపాలంటే మొహమాటపడతరు. నువ్వే చింపి, రెండు మూడు తీసేసి, తడి తగలకుండ మూత డబ్బాల వేసి గూట్ల పెట్టు. పక్కన పేపర్ సగం సగం చింపి పది ముక్కలు పెట్టు, చుట్టి పారేసేందుకు.

ఆరుగురికి ఒకటే బాత్రూం అంటున్నవు. పడుకునే ముందు ఒకసారి, పొద్దున ఒకసారి కవర్ ముడేసి మార్చాలె. ఆ పని మీ ముగ్గురిలో ఒకరిది, ఆడవాళ్లకు వదిలిపెట్టకు. బకెట్ నిండ నీళ్లుండాలె, ట్యాంకు రాత్రే నింపిపెట్టు.

ప్యాడ్‌కు బదులు లోపల పెట్టుకునే కప్పు వాడే అమ్మాయిలు ఉండొచ్చు. దానికి మగ్గుతోని నీళ్లు, సబ్బు ఉంటే చాలు. ఆ కప్పు మరగబెట్టేందుకు ఎవరన్న చిన్న గిన్నె అడిగితే ఎందుకని అడగకు. గుడ్డ వాడే పెద్దోళ్లుంటే అది ఎండల ఆరాలె, మేడ మీద దండెం మీద కొంత జాగ వదులు. బట్టల కింద దాచి ఆరేస్తే తడి పోదు, అందుకే దురద, ఇన్ఫెక్షన్లు వస్తయ్.

దుప్పట్లు ముదురు రంగువి వెయ్యి, ఒక్కో పడకకు ఇంకోటి మడిచిపెట్టు. మరక పడితే చల్లటి నీళ్లే. వేడినీళ్లు పోస్తే రక్తంల ప్రొటీన్ గడ్డకట్టి పోగుకు పట్టుకుంటది, ఇక పోదు. సబ్బు రుద్ది అరగంట నానబెట్టి పిండితే అయిపోతది. పరుపు మీదైతే నీళ్లు పోయకుండ తడిగుడ్డతోని అద్దుకుంట రావాలె.

మందులచీటి:
ప్యాకెట్ మీద పొడవు మిల్లీమీటర్లలో రాసి ఉంటది. 240 దగ్గర ఉంటే మామూలుది, 280-290 అంటే ఎక్స్‌ఎల్, 320 అంటే డబుల్ ఎక్స్‌ఎల్, రాత్రికి. రెక్కలున్నవి, వాసన లేనివి తీసుకోండి, సెంటు ఉన్నవి కొందరికి పడవు. నాలుగు నుంచి ఆరు గంటలకు ఒకటి మార్చాలి, మొదటి రెండు రోజులు ఇంకా ముందే మార్చాల్సి రావొచ్చు. ఇద్దరికి డేట్ ఉందనుకున్నా రోజుకు పది, పన్నెండు చాలు. ఎక్స్‌ఎల్ ఒక ప్యాకెట్, రాత్రివి ఒక ప్యాకెట్ చాలు. జన ఔషధి దుకాణంలో సువిధ ప్యాడ్లు 2019 నుంచి ఒక్కోటి రూపాయికే ఇస్తున్నారు. 2018 జులై నుంచి ప్యాడ్ల మీద జీఎస్టీ కూడా లేదు. కౌంటర్ దగ్గర గుసగుసలాడక్కర్లేదు, పేపర్లో చుట్టి నల్ల కవర్లో వేయడం మెడికల్ షాపు వాళ్లం మేం ఎలాగూ ఆపం.

కడుపునొప్పికి బిళ్ల మీ అంతట మీరు చేతిలో పెట్టొద్దు. ఎక్కువగా వాడేది మెఫెనమిక్ యాసిడ్. దానితో అరుదుగా దద్దుర్లు, జ్వరం, గ్రంథుల వాపుతో తీవ్రమైన రియాక్షన్ రావొచ్చని 2023 చివర్లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. ఆస్తమా, కడుపులో పుండు ఉన్నవాళ్లకు మంచిది కాదు. ఆమె రోజూ వాడేదేదో ఆమెనే చెప్పనివ్వండి, ఖాళీ కడుపున వేసుకోకుండా ముందు తిండి పెట్టండి.

వేడినీళ్ల బ్యాగు ఉంటే మంచిది. మరిగిన నీళ్లు ఐదు నిమిషాలు ఆగాక మూడింట రెండు వంతులే పోసి, గాలి ఒత్తి తీసి, మూత బిగించి తలకిందులు చేసి చూడండి. కారకపోతే తువ్వాల చుట్టి ఇవ్వండి.

జాతర ముందు మా దగ్గరికి మగవాళ్లు వచ్చి "డేట్ వెనక్కి పోయే బిళ్ల" అడుగుతుంటారు. అది నోరెథిస్టెరాన్. డేటుకు మూడు రోజుల ముందు మొదలుపెట్టాలి, రేపు డేట్ అనగా ఇవాళ కొంటే దండగ. రక్తం గడ్డకట్టే సమస్య, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు ప్రమాదం. డాక్టర్ చీటీతో ఆమె తనంతట అడిగితే సరే. మీ ప్రయాణానికి సరిపోయేట్టు ఆమె ఒంటిని సర్దడం మీ పని కాదు.

కాజీపేట_పైపులు:
"ప్యాడ్లు ఇందులో వేయరాదు" అని బోర్డు రాసి అతికించకు అన్నా. బుట్ట ఉంటే ఎవ్వరూ టాయిలెట్‌ల వెయ్యరు. వేస్తే ఏమైతదంటే, ప్యాడ్‌ల ఉండే జెల్లు నీళ్లు తాగి ఉబ్బి, సీటు కింద నీళ్లు నిలిచే వంపుల ఇరుక్కుంటది. అది దాటినా బయట పైపులు కలిసే ఛాంబర్ మలుపు కాడ ఆగుతది. యాసిడ్ పోస్తే కరగదు, పై పొర ప్లాస్టిక్. ఛాంబర్ మూత తీసి స్ప్రింగ్ వైరు తిప్పి లాగాల్సిందే. జాతర దినాలల్ల ప్లంబర్ దొరకడు.

ముడేసిన కవర్ తడి చెత్తల కలపకు. ప్యాడ్లు గట్టిగ చుట్టి వేరుగనే ఇయ్యాలె. కవర్ మీద ఎర్ర స్కెచ్‌తోని గుర్తు పెట్టు, చెత్త ఆటో పిల్లలు చేతులతోని విప్పకుంట ఉంటరు. పెరట్ల కాలపెట్టకు, నాలాల పడెయ్యకు.

హన్మకొండ_చౌరస్తా:
మంచిగ చెప్పిన్రు. ఇంకో రెండు. పాపకు మొదటిసారి ఇక్కడనే అయితే? బాపు ఏమో "బయటున్నోళ్లు దూరం కూసోవాలె" అంటడు.

భద్రకాళి_కట్ట:
పాప వచ్చి చెప్తే వాళ్లమ్మను పిలువు. అమ్మ వ్యాన్‌ల రాకపోతే ఫోన్ కలిపి పాప చేతికియ్యి, నువ్వు బయటికి పో. మామూలు సైజు ప్యాడ్, మార్చుకునే చడ్డీ గూట్లనే ఉండాలె. ఎట్ల పెట్టుకోవాల్నో అడిగితే సిగ్గుపడకుండ చెప్పు: వెనక కాగితం తీసి, జిగురు దిక్కు చడ్డీకి అతికించి, రెక్కలు కిందికి మడవాలె. పెద్దమనిషైందని చుట్టాలకు ఫోన్లు కొట్టే పని నీది కాదు, ముందు వాళ్లమ్మ, పాప అనుకోనీ.

మీ బాపుకు ముందే చెప్పు, వచ్చినోళ్లను అడుగుడు, దూరం పెట్టుడు వద్దని. ఎవరన్న తమంతట తాము దేవుని రూంలకు రామంటే వాదించకు. అందరికిచ్చిన పరుపే ఇయ్యి, అందరితోటే అన్నం వడ్డించు.

"ఏమన్న కావాల్నా" అని ఒక్కొక్కరిని అడగకు, ఏం జవాబియ్యాలె వాళ్లు? రాంగనే అందరికీ ఒక్కసారే చెప్పు: "గీజర్ స్విచ్ ఇది, తువ్వాలలు ఇక్కడ, ప్యాడ్లు గూట్ల డబ్బాల ఉన్నయ్, బుట్ట పక్కనే." గీజర్ గురించి చెప్పిన గొంతుతోనే చెప్పాలె.

కాజీపేట_పైపులు:
వ్యాన్ సంగతి మరిచిన్రు. మేడారం వంద కిలోమీటర్ల దాకా ఉంటది, జాతర ట్రాఫిక్‌ల ఎన్ని గంటలు పడుతదో ఎవ్వరూ చెప్పలేరు. ఎవరూ అడగకముందే రెండు గంటలకోసారి ఛాయ్ పేరు మీద ఆపు, టాయిలెట్ ఉన్న బంకు చూసి ఆపు. గద్దెల కాడ తాత్కాలిక టాయిలెట్లల్ల నీళ్లుంటయన్న నమ్మకం లేదు. ఒక సంచిల మగ్గు, రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు, సబ్బు, చిన్న టార్చి, పేపర్లు, నల్ల కవర్లు, ప్యాడ్లు పెట్టు. వాడినవి రెండు కవర్లల్ల ముడేసి చెత్త డబ్బాల వెయ్యాలె, జంపన్న వాగు దిక్కు పోనీయొద్దు, జనం తానాలు చేసేది అండ్లనే. ఆ సంచి వెనక సీటు మీద ఉండాలె. అమ్మవార్లకు మొక్కే బంగారం, అంటే బెల్లం, మూటల కింద పెడితే అది తీసేందుకు వ్యాన్ మొత్తం దించాల్సొస్తది.