కాంటా ఉన్న షాపుల్లో ఆటోమేటిక్ డ్రైవర్లు: ఉంచాల్నా, బంద్ పెట్టాల్నా?

మానేరు_తీరం:
ఎనుమాముల మార్కెట్ చుట్టు పత్తి, మిర్చి కొనే షాపుల్లో కంప్యూటర్‌కు ఎలక్ట్రానిక్ కాంటా, బిల్లు ప్రింటర్ తగిలించి ఉంటయి. సీజన్‌ల బండ్లు లైన్ల నిలబడ్డంక కాంటా రీడింగ్ ఆగితే పెద్ద లొల్లి. విండోస్ అప్‌డేట్ తనంతట తానే డ్రైవర్లు (పరికరాలను కంప్యూటర్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్) మార్చుడు ఉండనియ్యాల్నా, ఆపాల్నా? ఏమంటరు?

కాజీపేట_పోరడు:
ఆపాలె, రెండో మాట లేదు. కాంటా వెనుక ఉండేది ఆర్‌ఎస్-232 సీరియల్ పోర్టు, అంటే పాత రకం కనెక్షన్. కొత్త కంప్యూటర్లకు అది ఉండదు కాబట్టి యూఎస్‌బీ కన్వర్టర్ పెడుతరు. చాలా కన్వర్టర్లల్ల పీఎల్2303 లేదా సీహెచ్340 చిప్. పీఎల్2303ల పాత రకానికో, నకిలీకో కొత్త డ్రైవర్ పడితే డివైస్ మేనేజర్‌ల (విండోస్‌ల పరికరాల లిస్టు) పసుపు గుర్తు, కోడ్ 10 అంటే పరికరం స్టార్ట్ కాలేదని. నిన్న నడిచింది ఇయ్యాల నడవదు. 2014 అక్టోబర్‌ల ఎఫ్‌టీడీఐ అనే చిప్ కంపెనీ డ్రైవర్ ఇంకా ఘోరం చేసింది. విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చి, నకిలీ చిప్‌ల ప్రొడక్ట్ ఐడీని (పరికరం ఏదో చెప్పే నంబర్) సున్నా చేసింది. ఆ కన్వర్టర్‌ను వేరే కంప్యూటర్‌కు పెట్టినా గుర్తుపట్టలే.

పరకాల_అన్న:
తమ్మీ, నకిలీ చిప్ తప్పును ఆటోమేటిక్ మీద రుద్దుతున్నవ్. విండోస్ 95కు ముందు సౌండ్ కార్డు, ప్రింటర్ పోర్టు రెండూ ఐఆర్‌క్యూ 7 (ప్రాసెసర్‌ను పిలిచే లైన్ నంబర్) మీద కూసుంటే కార్డు మీది జంపర్లు, అంటే చిన్న పిన్ను క్లిప్పులు, పీకి మళ్ల పెట్టాల్సి వచ్చేది. ఆ తిప్పలు తప్పింది ప్లగ్ అండ్ ప్లేతోనే, అంటే పెట్టంగనే పరికరాన్ని విండోస్ తానే గుర్తుపట్టుడు. ఆపేస్తే, కొత్త ప్రింటర్ తెచ్చిన రోజు కోడ్ 28 వస్తది, అంటే డ్రైవరే లేదని. షాపాయన అప్పుడు ఎవరిని పిలవాలె?

ఇంకోటి. కాంటా ఆగిన కేసుల్ల అప్‌డేట్ లేకుండనే అయ్యేది ఒకటుంది: కామ్ నంబర్ (సీరియల్ పోర్టుకు విండోస్ ఇచ్చే నంబర్) మారుడు. ఈ చవక కన్వర్టర్లకు చాలావరకు సీరియల్ నంబర్ ఉండదు. అందుకే విండోస్ వాటిని ఏ యూఎస్‌బీ రంధ్రంల ఉన్నయో దాన్నిబట్టి గుర్తుపెట్టుకుంటది. ఊడ్చేటప్పుడు పీకి పక్క రంధ్రంల పెడితే కొత్త పరికరం అనుకొని కామ్ 3కు బదులు కామ్ 5 ఇస్తది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కామ్ 3 దగ్గరే ఎదురుచూస్తుంటది. ప్రింటర్ పేరు పక్కన ‘కాపీ 1’ వచ్చేది కూడా గిట్లనే.

దీనికి మందు: డివైస్ మేనేజర్ల పోర్ట్స్, అండ్ల కన్వర్టర్ ప్రాపర్టీస్, పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్. అక్కడ మళ్ల కామ్ 3 ఎంచాలె. ‘వాడుకలో ఉంది’ అంటే వ్యూ మెనూల హిడెన్ డివైసెస్ చూపించి, మసకగా ఉన్న పాతవి తీసేయాలె. ఆ రంధ్రం దగ్గర రంగు టేపు అతికిస్తే ఇంకా నయం.

ఓరుగల్లు_కోట:
మీరిద్దరు రెండు వేరే పనులను ఒకటిగా మాట్లాడుతున్నరు. పరికరం వెండర్ ఐడీ, ప్రొడక్ట్ ఐడీ చదివి, కంప్యూటర్లనే ఉన్న డ్రైవర్‌తో జత చేసుడు ప్లగ్ అండ్ ప్లే. నెట్‌ల నుంచి డ్రైవర్ తెచ్చుడు విండోస్ అప్‌డేట్. రెండోది ఆపినా మొదటిది నడుస్తనే ఉంటది. గ్రూప్ పాలసీ అనే విండోస్ సెట్టింగ్‌ల ఎడిటర్‌ల ‘అప్‌డేట్లతో డ్రైవర్లు వద్దు’ అనేది ఆన్ చేస్తే సరి. హోమ్ ఎడిషన్‌ల ఆ ఎడిటర్ లేదు, విండోస్ సెట్టింగ్‌లు దాచుకునే రిజిస్ట్రీల పెట్టాలె.

పైగా ఆటోమేటిక్ గుర్తుపట్టేది కన్వర్టర్‌నే, కాంటాను కాదు. ఆర్‌ఎస్-232 తీగల్ల ‘నేను ఫలానా కాంటాను’ అని చెప్పే ఏర్పాటే లేదు. బాడ్ రేట్ (డేటా పంపే వేగం), పారిటీ (తప్పులు పట్టే బిట్) కాంటా మాన్యువల్ చూసి మనమే పెట్టాలె. 9600, 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్ ఎక్కువగా కనబడే సెట్టింగ్. తప్పు పెడితే బరువుకు బదులు పిచ్చి అక్షరాలు వస్తయి.

కాజీపేట_పోరడు:
ఒప్పుకుంట, కామ్ నంబర్ సంగతి అన్న చెప్పిందే కరెక్ట్. కానీ అప్‌డేట్‌ల చెడిపోయినంక పాత డ్రైవర్ మళ్ల వేసినా నిలవదు. ఒకే హార్డ్‌వేర్ ఐడీకి (వెండర్, ప్రొడక్ట్ ఐడీలు ఉన్న గుర్తు) సమానంగా సరిపోయే డ్రైవర్లు రెండుంటే కొత్త తేదీదే గెలుస్తది. డివైస్ మేనేజర్ల అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డ్రైవర్ ఫైల్ కూడా తీసేయమని టిక్ పెట్టాలె. తర్వాత పాలసీ ఆన్ చేసి, అప్పుడు పాతది వేయాలె. ఈ వరుస తప్పితే మళ్ల మొదటికే.

పరకాల_అన్న:
కాంటా కంప్యూటర్‌కు సరే. బిల్లు, టైపింగ్ మాత్రమే నడిచే షాపులకు నేను ఆపమని చెప్పను. ఇగ కాంటాకైతే సీరియల్ నంబర్ ఉన్న అసలు ఎఫ్‌టీడీఐ కన్వర్టర్ కొనిపియ్యిండ్రి. రంధ్రం మార్చినా కామ్ నంబర్ మారదు.