స్పీకర్ అయ్యాక పార్టీని వదిలేసింది సంజీవరెడ్డి గారొక్కరేనా?

అందరికీ నమస్కారం. లోక్‌సభ స్పీకర్ పదవి మీద వ్యాసం రాస్తూ ఒక చోట ఆగిపోయాను. తెలిసినవాళ్లు సాయం చేయండి.

1967 మార్చిలో స్పీకర్‌గా ఎన్నికయ్యాక నీలం సంజీవరెడ్డి గారు కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా చేశారు. అలా చేయాలని రాజ్యాంగంలో ఎక్కడా లేదు. సభ్యుల్లోంచి ఒకరిని స్పీకర్‌గా ఎన్నుకోమని 93వ అధికరణం చెబుతుంది, అంతే. ఎవరూ అడక్కుండా ఆయన చేసిన ఆ పని ఆ కుర్చీకి దక్కిన గొప్ప గౌరవమని నా నమ్మకం. బ్రిటన్‌లో స్పీకర్ పార్టీని వదిలేస్తే, తర్వాతి ఎన్నికల్లో పెద్ద పార్టీలు మామూలుగా ఆయన మీద పోటీ పెట్టవు. మన దగ్గర ఆ భరోసా లేదు. మళ్లీ టికెట్ కావాలంటే పార్టీ గడప తొక్కాల్సిందే.

1985లో రాజ్యాంగంలోకి వచ్చిన పదో షెడ్యూలులో (పార్టీ ఫిరాయించిన సభ్యులను అనర్హులను చేసే నిబంధనలు) మాత్రం, స్పీకర్‌గా ఎన్నికైనవారు పార్టీని వదిలినా అనర్హత అంటదని రాశారు. ఈ వెసులుబాటును నిజంగా వాడుకున్న స్పీకర్లు ఎవరైనా ఉన్నారా? రాష్ట్ర శాసనసభల్లోవాళ్లయినా పర్వాలేదు. (2008లో అప్పటి లోక్‌సభ స్పీకర్ సోమనాథ్ ఛటర్జీ గారిని పార్టీయే బహిష్కరించింది కాబట్టి ఆ ఉదాహరణ ఇక్కడికి రాదు.)

ఇంకొకటి. సంజీవరెడ్డి గారు తన రాజీనామా సంగతి సభలోనే చెప్పారా, బయట ప్రకటించారా? అప్పటి సభా చర్చల ప్రతులుగానీ పత్రికలుగానీ మీ దగ్గరుంటే, తేదీ, పేజీ సంఖ్యతో సహా చెప్పండి, చాలా మేలు చేసినవారవుతారు.