డయాలసిస్ మాస్టారికి గోంగూర పప్పు పంపాను. క్యారేజీలు ఇచ్చే అలవాటున్నవాళ్లు కాస్త చెప్పండి

అందరికీ నమస్తే. మాది గుంటూరు, లక్ష్మీపురం. మా అపార్ట్‌మెంట్‌లో ముగ్గురం కలిసి రెండు నెలలుగా ఒంట్లో బాగోలేనివాళ్లకి మధ్యాహ్నం భోజనం ఇస్తున్నాం. ట్రస్టూ గిస్టూ ఏం లేదు. ఐదిళ్లు, ఐదు క్యారేజీలు, ఒక స్కూటీ, అంతే. పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు, ఇక్కడ పెద్దవాళ్లలో ఒకరు మంచం మీద ఉంటే రెండోవాళ్లు మోకాళ్ల నొప్పులతో స్టవ్ దగ్గర నిలబడలేరు, ఎక్కువగా అలాంటి ఇళ్లే.

బ్రాడీపేటలో ఒక రిటైర్డ్ మాస్టారు ఒక్కరే ఉంటారు, డయాలసిస్ చేయించుకుంటున్నారు. జబ్బు మనిషి, నోటికి కాస్త రుచి తగలాలి కదా అని గోంగూర పప్పు, బంగాళాదుంప వేపుడు, చివర్లో ఒక అరటిపండు పెట్టి పంపేదాన్ని. క్యారేజీ రోజూ తళతళా తోమి తిరిగొచ్చేది, నేను తెగ సంబరపడిపోయేదాన్ని. మొన్న మాస్టారుండే చోటి వాచ్‌మన్ గేటు దగ్గర ఆపి "గోంగూర పప్పు అదిరిందమ్మా, మా ఆవిడ ఎట్టా చేశారో అడగమంది" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు! పైకెళ్లి అడిగితే మాస్టారు మొహమాటంగా నవ్వి, "ఎండన పడి తెస్తారు, వద్దంటే బాగుండదనీ..." అన్నారు. మరి మీరేం తింటున్నారండీ అంటే మరమరాలట.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అసలు ఎవరికి ఏం పెట్టాలో ఎలా అడగాలి, అడిగితే ఏమన్నా అనుకుంటారా, ఈ ఎండలకి అన్నం పాచిపోకుండా ఎలా తీసుకెళ్లాలి, ఇంకోటి, ఒకింట్లో టీబీ ఉంది, అక్కడికి మాలో ఒకావిడ రానంటోంది. మీకు తెలిసింది చెప్పండి.

కొరిటెపాడు పిల్ల

అక్కా, నేను డైటీషియన్‌ని కాదు, మా నాన్నకి నాలుగేళ్లు డయాలసిస్ చేయించాను, ఆ అనుభవంతో చెప్తున్నా. ముందుగా మాస్టారి డైట్ చార్ట్ అడిగి ఫోన్‌లో ఫొటో తీసుకోండి. డాక్టర్ ఇచ్చిన కాగితం ఏ ఫైల్లోనో ఉంటుంది. "మీరేం తింటారు" అంటే మన పెద్దవాళ్లు "ఏదైనా పర్లేదమ్మా" అనే అంటారు, "మీ డాక్టరు ఏం వద్దన్నారు" అని అడిగితే గబగబా చెప్తారు.

కిడ్నీలు పనిచేయనివాళ్లకి పొటాషియం బయటికి పోదు, రక్తంలో పెరిగితే గుండె కొట్టుకోవడమే దెబ్బతింటుంది. మీరు పెట్టిన మూడూ, గోంగూర, బంగాళాదుంప, అరటిపండు, సరిగ్గా పొటాషియం ఎక్కువుండేవే! (తిట్టట్లేదు, నేనూ మొదటి నెలలో మా నాన్నకి కొబ్బరినీళ్లు తాగించాను.) కూర ముక్కలు చిన్నగా తరిగి ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు పోపులో వేయండి. మేం సొరకాయ, బీరకాయ, దొండకాయ, క్యాబేజీ తిప్పి తిప్పి చేసేవాళ్లం. చారు, మజ్జిగ, పులుసు కూడా నీళ్ల లెక్కలోకే వస్తాయి, రోజుకి ఇన్ని అని లెక్క ఉంటుంది కాబట్టి గ్లాసెడు చారు పోసి పంపకండి. పచ్చడి, అప్పడం, వడియం వద్దు, ఉప్పు తగ్గించండి. తగ్గించమన్నారని షాపులో దొరికే లో సోడియం ఉప్పు మాత్రం కొనొద్దు, అందులో సోడియం బదులు పొటాషియమే కలుపుతారు. ఈ సంగతి మాకు ఏడాది దాకా ఎవరూ చెప్పలేదు. ఇంకొకటి, డయాలసిస్ మొదలయ్యాక ప్రోటీన్ ఎక్కువే కావాలి. మాస్టారు గుడ్డు తింటారేమో అడగండి, తెల్లసొన మంచిది.

పటమట కుర్రాడు

బెజవాడ నుంచి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మేం ఏడుగురం పడవల మీద పొట్లాలు పంచాం. ఎవరు చూసినా పులిహోరే తెచ్చారు, తప్పు కాదు, రెండు రోజులాగినా పాడవదని తెచ్చారు, కానీ మూడో రోజుకి ఒక తాత డాబా మీద నుంచి "బాబూ, షుగరురా నాకు, రొట్టె ఉందా" అని అరిచాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. వరద తీశాక కూడా మేం ఆపలేదు, ఇప్పుడు పటమటలో పదకొండు ఇళ్లకి ఇస్తున్నాం.

టైం గురించి చెప్తా. షుగరువాళ్లలో కొందరు ఇన్సులిన్ వేసుకుని క్యారేజీ కోసం కూర్చుంటారు. మీరు ట్రాఫిక్‌లో అరగంట ఇరుక్కుంటే అక్కడ వాళ్లకి చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి. అందుకే "గుమ్మం ముందు క్యారేజీ చూశాకే సూది వేసుకోండి" అని గట్టిగా చెప్పండి, ఆలస్యమైతే ఫోన్ చేయండి. ఎండాకాలంలో 11కి వంట దించితే 12:30 లోపు చివరి ఇంటికి చేరేట్టు చూసుకోవాలి, రెండు గంటలు దాటనివ్వద్దు. అన్నం పొగలు కక్కుతుండగానే హాట్‌బాక్సులో పెట్టండి, గోరువెచ్చగా మూత పెడితే క్రిములు పెరగడానికి అదే అనువు. పెరుగు విడిగా, కొబ్బరి పచ్చడి మే నెలలో బంద్.

టీబీ సంగతి. అది గాల్లో, దగ్గు ద్వారా వస్తుంది, గిన్నెల వల్లా క్యారేజీ వల్లా రాదు. మాస్కు పెట్టుకుని, బయట గాలి ఆడేచోట ఇచ్చి రమ్మనండి, గదిలో గంటలు కూర్చుంటేనే ఇబ్బంది. ఆ ఇంటివాళ్లకి నిక్షయ్ పోషణ్ (టీబీ ఉన్నవాళ్లకి తిండి కోసం ప్రభుత్వం ఇచ్చేవి) డబ్బులు పడుతున్నాయో లేదో కూడా కనుక్కోండి, నెలకి 500 ఇచ్చేవాళ్లు, 2024 నవంబరు నుంచి 1000 చేశారు, బ్యాంకు ఖాతా లింకు కాక చాలామందికి ఆగిపోతుంటాయి.

నల్లపాడు బాబాయ్

ఇంత తతంగం ఎందుకమ్మా. అడుగడుక్కీ కర్రీ పాయింట్ ఉన్న ఊరు మనది. పిల్లలు అమెరికా నుంచి నెలకి రెండు వేలు పంపితే కూరలు ఇంటికే వస్తాయి, అన్నం కుక్కర్లో వాళ్లే పెట్టుకుంటారు. మీకు ఓపిక ఉన్నన్నాళ్లు చేస్తారు, తర్వాత మానేస్తారు, అప్పుడు వాళ్లకి ఇంకా ఇబ్బంది.

గుణదల నుంచి

బాబాయ్ గారూ, మీరన్న చివరి మాట నిజమే, మిగతాదానికి మాత్రం ఒప్పుకోను. నేను ఇచ్చేదాన్ని కాదు, తిన్నదాన్ని. పోయినేడు ఆరు కీమోలు అయ్యాయి, ఆ ఐదు నెలలూ మా వీధిలోవాళ్లు క్యారేజీ ఇచ్చారు. కర్రీ పాయింట్ కూర మూత తీయగానే ఆ మసాలా, నూనె వాసనకే వాంతి వచ్చేది. తెల్లకణాలు పడిపోయినప్పుడు బయట కలిపిన చట్నీ, ముందే కోసి పెట్టిన పండ్లు తినొద్దన్నారు కూడా. నోరంతా ఇనుప చేదుగా ఉండేది, రెండు ఇడ్లీలు, పల్చటి పెసరకట్టు, అంతే దిగేది. అమ్మా లక్ష్మీపురం, కీమోవాళ్లుంటే పోపు ఘాటు తగ్గించండి, గోరువెచ్చగా తినేట్టు ఇవ్వండి, వేడి మీద వాసన ఎక్కువ కొడుతుంది. కొంచెమే పెట్టండి, పెద్ద డబ్బా నిండా ఉంటే చూడగానే భయం వేస్తుంది.

ఇంకొకటి ఎవరూ చెప్పరు, నేను చెప్తా. మన ఇళ్లల్లో గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదంటారు కదా. మూడో కీమో అప్పుడు లేచి నిలబడలేను, వంటింట్లో గోడ పట్టుకుని, ఆ గిన్నెలో ఏం వేసి పంపాలా అని ఏడ్చాను. చివరికి రెండు స్పూన్ల పంచదార వేసి పంపాను. మా ఎదురింటావిడకి అది అర్థమైంది, మర్నాటి నుంచి ఆవిడే వచ్చి "తోమొద్దు, ఏం వేయొద్దు, ఇట్లానే ఇవ్వు" అని లాక్కుపోయేది. మీ మాస్టారు తినని క్యారేజీని కూడా తళతళా తోమి పంపారంటే ఆయనకి అది ఎంత పనో చూడండి. తలుపు దగ్గర నిలబడి "ఇప్పుడెలా ఉంది, డాక్టరేమన్నాడు" అని అడిగేవాళ్లని కూడా పంపకండి, ఒక్కోరోజు చెప్పే ఓపిక ఉండదు.

లక్ష్మీపురం (అడిగినదాన్నే)

అందరికీ థాంక్స్ అండీ. నిన్న మాస్టారి దగ్గరికి వెళ్లి ఫైల్ అడిగాను. చార్ట్ ఫొటో తీసుకున్నాను, అందులో గోంగూర ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది. అసలు సంగతి ఇంకోటి తెలిసింది, మంగళ, గురు, శనివారాలు ఆయనకి డయాలసిస్, ఇంటికి వచ్చేసరికి మూడవుతుంది. మేం పన్నెండున్నరకి తలుపు గడియకి క్యారేజీ తగిలించి వచ్చేస్తున్నాం, అంటే ఆ మూడు రోజులూ గోంగూర కాకపోయినా తినడానికి పనికొచ్చేది కాదు. ఇక ఆ రోజుల్లో సాయంత్రం ఆరుకి ఇస్తాం, ఇడ్లీ చాలన్నారు. టీబీ ఇంటికి నేనే వెళ్తున్నాను, రానన్నావిడ ఆ టైంలో కూరలు తరుగుతుంది, అలా సర్దుకున్నాం.

బాబాయ్ గారూ, మేం మానేస్తే ఎలా అన్నారుగా, ఒక్కొక్కరికి రెండిళ్లకి మించి పెట్టుకోకూడదని అనుకున్నాం, ఏడో ఇల్లు అడిగితే నాలుగో మనిషి దొరికాకే.

వాచ్‌మన్ మాత్రం ఇవాళ కూడా గేటు దగ్గర ఆపి, "గోంగూర మానేశారేంటమ్మా" అని అడిగాడు. ఆదివారం వాళ్లింటికి విడిగా పంపుతున్నాను.