‘బోసి’ అంటే పళ్ళు లేకపోవడమేనా?

మొన్న ఇక్కడ ఒకరు అడిగారు, ‘బోసినవ్వు’లో బోసి అంటే పళ్ళు లేకపోవడమేనా అని. కాదండీ. ఉండవలసింది లేక వెలితిగా కనిపించడం బోసి. నగ లేకపోతే బోసిమెడ, గాజుల్లేకపోతే బోసిచేతులు. పెళ్ళివారు వెళ్ళిపోయిన మర్నాడు ఇల్లు బోసిపోతుంది. పసిపాప నవ్వుకీ గాంధీగారి నవ్వుకీ ఒకే మాట సరిపోయింది కూడా అందుకే.

మేం ఉండేది చెన్నైలో, టీ నగర్ దగ్గర. మా చెల్లెలి కూతురికి నాలుగో నెల. ఎదురింటి పాట్టి (తమిళ బామ్మగారు) దాన్ని చూస్తే చాలు, ‘పొక్కవాయ్ సిరిప్పు’, అంటే బోసినోటి నవ్వు, అని మురిసిపోతారు. తమిళంలో ‘పొక్కై’ అంటే చిన్న రంధ్రం అనే అర్థం కూడా ఉంది. కన్నడంలో బోసినోటిని ‘బొచ్చుబాయి’ అంటారు. మన బోసి మాత్రం నోటి దగ్గర ఆగలేదు. మెడ మీదికీ, నుదుటి మీదికీ, ఇంటి మీదికీ వెళ్ళింది.

మనిషి ముఖం చూసి పిల్లలు నవ్వడం సుమారు 6 వారాలకు మొదలవుతుంది. మొదటి పన్ను 6 నెలలకు అటూ ఇటూగా వస్తుంది. అసలు బోసినవ్వు ఆయుష్షు ఆ మధ్య నాలుగైదు నెలలే.

నాన్న పోయి ఏడాదయింది. పోయినవారం అమ్మ పాపకు నలుగుపెడుతుంటే అది అమ్మ మెడ దగ్గర తడిమింది. వాళ్ళమ్మ గొలుసు పట్టుకుని లాగడం దానికి అలవాటు. ఇక్కడ చేతికి ఏమీ తగల్లేదు. నూనె చేతివేళ్ళు జారి జాకెట్టు అంచు దొరికింది. దాన్నే పట్టుకుని, అమ్మ ముఖంలోకి చూసి నోరంతా తెరిచి నవ్వింది.

‘నీది బోసినోరు, నాది బోసిమెడ. సరిపోయామే తల్లీ’ అంది అమ్మ.

అప్పటినుంచి నాకు నిఘంటువులో అర్థం చాలడం లేదు. ఒకటి నిండే బోసి, ఒకటి ఇక నిండని బోసి. రెండింటికీ మనకు ఒకటే మాట. ఈ పిల్లకు పళ్ళొస్తాయి, మెడలోకి గొలుసులొస్తాయి. ఎప్పుడో ఒకనాడు దాని ఇల్లూ బోసిపోతుంది. ఆ రోజుకు అడ్డం పడటానికి మాలో ఎవరం ఉండం. అది తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

సీమలో, ఉత్తరాంధ్రలో ఈ మాట ఇంకెలా వాడతారో తెలిసినవాళ్ళు చెప్పండి.

అమ్మ మాత్రం జాకెట్టు అంచు నుంచి పాప వేళ్ళు మెల్లగా విడదీసి, ఆ చెయ్యి మళ్ళీ మెడ మీదే పెట్టుకుంది.