అప్‌డేట్: గుణుపురం కాంటూర్లు, 2 జీబీ షేప్‌ఫైల్ గొడవ

ఒడిశాలో మా గుణుపురం వైపు వంశధార పరీవాహక ప్రాంతానికి కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే మ్యాప్ గీతలు) తీస్తుంటే షేప్‌ఫైల్ (మ్యాప్ డేటా దాచే ఒక ఫార్మాట్) 2 జీబీ దగ్గర ఆగిపోతోందని అడిగాను కదా, పని అయిపోయింది. దాని బదులు జియోప్యాకేజీ అనే ఇంకో మ్యాప్ ఫార్మాట్ వాడమన్న అన్నకి బోలెడు థాంక్స్. ఆగిపోయిన ఫైల్‌ని మారిస్తే సగం గీతలే వస్తాయి, అందుకే క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో కాంటూర్ అవుట్‌పుట్‌నే నేరుగా జియోప్యాకేజీగా ఇచ్చాను.

ర్యామ్ పెంచమన్నవాళ్లకి: దానితో పని లేదు. షేప్‌ఫైల్‌లో గీతలుండే ఎస్‌హెచ్‌పీ, వివరాల పట్టిక ఉండే డీబీఎఫ్ అని వేరే ఫైళ్లుంటాయి, ఒక్కోదానికీ 2 జీబీయే హద్దు. గీతలో ఒక్కో బిందువుకే 16 బైట్లు పోతాయి, మా కొండలకి ఇక చెప్పాలా! పైగా డీబీఎఫ్‌లో ఒక గడికి 254 బైట్లే. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ తలా 3 బైట్లు కాబట్టి ఊళ్ల వివరాలు మధ్యలోనే తెగిపోయేవి. జియోప్యాకేజీలో ఆ టెన్షన్ లేదు.

ఇంత పెద్ద ఫైల్‌ని కాపీ చేసేటప్పుడు పెన్‌డ్రైవ్ ఫార్మాట్ ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసుకోండి.

పని ఇచ్చినవాళ్లు మాత్రం షేప్‌ఫైలే కావాలన్నారు. సరే, గుణుపురం, పద్మపురం, రామనగుడ, గుడారి అని బ్లాకుల వారీగా క్లిప్ చేసి ఇచ్చేశాను.