పాత లాప్‌టాప్‌కి మింట్: సినమనా, ఎక్స్‌ఎఫ్‌సీఈనా?

ప్రశ్న:
నాది 2014 లాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. విండోస్ 10 సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, 11 దీనికి ఎక్కదు. విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేద్దామనుకుంటున్నా. దాని డెస్క్‌టాప్ రకాల్లో సినమన్ వేయాలా, తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ వేయాలా? బ్రౌజర్, లిబ్రెఆఫీస్, తెలుగు టైపింగ్ ఉంటే చాలు. నాన్నగారూ వాడతారు, ఎడమ మూల మెనూ కనిపించకపోతే ఆయనకు టెన్షన్.

జవాబు 1:
కళ్ళు మూసుకుని ఎక్స్‌ఎఫ్‌సీఈ వేయండి. మెనూ ఆ మూలే ఉంటుంది. హార్డ్ డిస్క్ అయితే ముందు దాని బదులు ఎస్‌ఎస్‌డీ (అంతకంటే వేగమైన స్టోరేజీ) వేయించండి. నా డబ్బాకి ప్రాణం వచ్చింది దానితోనే, మింట్‌తో కాదు.

జవాబు 2:
ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి వైఫై వస్తుందో లేదో చూడండి. నేను చూడలేదు. తర్వాత ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి, ఆ నెట్‌తో డ్రైవర్ దింపుకున్నా. తెలుగుకి ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ వేయండి, ఇన్‌స్క్రిప్టు కీబోర్డూ, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్సూ రెండూ వస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
ఎస్‌ఎస్‌డీ వేయించి, ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టా. వైఫై దానంతటదే వచ్చింది. నాన్నగారు బ్రౌజర్‌లో పేపరు తెరిచి "అక్షరాలు చీమల్లా ఉన్నాయేంట్రా" అన్నారు. అప్పియరెన్స్‌లో ఫాంట్స్ డీపీఐ (అక్షరాల సైజు పెంచే సెట్టింగ్) 96 నుంచి 120 చేశా. సిస్టమ్ మారిందని ఇంకా చెప్పలేదు.